మూలింటి ఈల

ఈల మోగేసరికి వీధి సంఘం సెక్రటరీగారు గడ్డం సగమే గీసుకున్నారు. మిగతా సగం మీద సబ్బు నురగ అలాగే ఉండగా, కర్ర అందుకుని వీధిలోకి ఉరికారు.

"ఏ ఇల్లు? ఏ ఇల్లు?"

"మూలిల్లు!" అంది వెనకే పరిగెత్తుకొస్తూ ఆయన భార్య. "అయ్యో, ఆ అమ్మాయి ఇల్లేనండీ!"

ఊళ్లో దొంగతనాలు పెరిగిపోయాయని పేపర్లు కోడై కూస్తుంటే, వీధిలో ఇంటింటికీ ఒక ఈల కొని పంచింది ఆయనే. దొంగ కనబడితే ఊదాలి. విన్నవాళ్లు విన్నట్టు పరిగెత్తుకు రావాలి. అప్పట్నుంచి వీధిలో చెంచా కూడా పోలేదు. "మా వీధి పేరు చెబితే దొంగలకు చలిజ్వరం" అని ఆయన కాలరెగరేసుకు తిరుగుతున్నారు. పరువు సంగతి అలా ఉంచితే, మూలింటి అమ్మాయంటే ఆయనకు ప్రాణం. కాపురానికొచ్చిన మొదటి రోజే "బాబాయ్" అని నోరారా పిలిచింది. ఆ పిల్లకేమైనా అయితే ఎలా?

ఆదివారం కావడంతో మగవాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు. పదిమందీ కలిసి తలుపు బాదారు. కాసేపటికి అమ్మాయి భర్త తీశాడు. మనిషి రొప్పుతున్నాడు. చొక్కా గుండీలు రెండు తెగిపోయాయి.

"వెనక తలుపులోంచి వచ్చాడండీ. అరుపు విని పట్టుకోబోతే విదిలించుకుని గోడ దూకేశాడు."

"సొమ్మేమైనా పోయిందా?"

"లేదండీ, అదే అదృష్టం."

అమ్మాయి వంటింట్లో గోడకు ఆనుకుని కూలబడి ఉంది. ఎడమ చెంప వాచిపోయింది. పక్కనే ఈల ముక్కలై పడుంది.

"ఈలని కూడా తొక్కేశాడు, వాడి చేతులు విరగ!" అంది సెక్రటరీగారి భార్య, అమ్మాయిని దగ్గరికి తీసుకుంటూ.

"తొక్కింది కాళ్లతోనే" అని గొణిగి, సెక్రటరీగారు ముందుకు వంగారు. "ఎటు పోయాడు తల్లీ?"

"పోలేదు బాబాయ్. ఇంట్లోనే ఉన్నాడు."

సెక్రటరీగారు కర్ర బిగించి పట్టుకుని సైగ చేశారు. మంచాల కింద చూశారు. అటక ఎక్కి చూశారు. బీరువా తెరిచారు. ఆయనైతే నీళ్ల బిందె మీది మూత కూడా ఎత్తి చూశారు.

"బిందెలో దూరాలంటే వాడు చంటిపిల్లాడై ఉండాలి" అంది భార్య, అంత భయంలోనూ.

ఎక్కడా ఎవరూ లేరు.

"పాపం, బాగా బెదిరిపోయిందండీ" అన్నాడు భర్త, అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి. "వాడింకా ఎదురుగానే ఉన్నట్టనిపిస్తోంది దానికి."

అంతలో వీధిలో గోల. "దొరికాడు! దొరికాడు!"

చేతిలో సంచీతో నడిచి వెళ్తున్న ప్లంబర్ని నలుగురు చుట్టుముట్టారు. సంచీలో ఇనప సామాను గలగలమంటోంది.

"కుళాయి బాగుచెయ్యమని పిలిస్తే వచ్చానయ్యా! అది రెంచీ! నేను దొంగని కాదు బాబూ!"

"దొరికిన ప్రతివాడూ అదే అంటాడు" అని ఒకడు కాలరు పట్టుకున్నాడు. సెక్రటరీగారికి ఒళ్లు మండిపోయింది. ఆడపిల్ల మీద చెయ్యి చేసుకుంటాడా! ఆయన కర్ర పైకి లేచింది.

"అతను కాదు!"

అమ్మాయి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి ప్లంబరుకి అడ్డంగా నిలబడింది. "అతన్ని కొట్టకండి బాబాయ్, మీకు దణ్ణం పెడతాను! అతను కాదు!"

"మరి ఎవడు? చెప్పు తల్లీ. ఇంతమందిమి ఉన్నాం, భయమెందుకు నీకు?"

అమ్మాయి చుట్టూ ఉన్న ముఖాలన్నీ చూసింది. భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ముఖానికి గుడ్డ కట్టుకున్నాడండీ. ఎలా గుర్తుపడుతుంది?" అన్నాడు భర్త.

ప్లంబరు బతుకు జీవుడా అని సంచీ తీసుకుని పోయాడు. సెక్రటరీగారి భార్య అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఈ పూటకి మా ఇంట్లో ఉండవే."

అమ్మాయి ఆ చేతిని వదల్లేదు.

"నేనున్నానుగా పిన్నిగారూ" అన్నాడు భర్త నవ్వుతూ, అమ్మాయిని ఇంటివైపు నడిపిస్తూ.

సెక్రటరీగారు చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. సెలవురోజైనా వెల్డింగ్ షాపతన్ని బతిమాలి, సాయంత్రానికల్లా ఆ ఇంటికి ముందూ వెనకా ఇనప గ్రిల్ తలుపులు పెట్టించారు. వాటికి రెండు పెద్ద తాళాలు కూడా తెప్పించారు.

"తాళంచెవులు నా దగ్గరే ఉంచుకుంటానండీ" అన్నాడు భర్త. "నేను బయటికెళ్లేటప్పుడు వేసుకుని వెళ్తే ఇక ఈగ కూడా దూరదు."

"భర్తంటే నీలా ఉండాలయ్యా!" అని సెక్రటరీగారు వీపు తట్టారు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారు.

పొద్దున్నే కొత్త ఈల జేబులో వేసుకుని మూలింటికి వెళ్లారు. గ్రిల్‌కి తాళం వేలాడుతోంది. దాన్ని ఒకసారి లాగి చూసుకుని తృప్తిగా తలూపారు. చప్పుడు విని అమ్మాయి లోపల్నుంచి వచ్చి ఊచలు పట్టుకుని నిలబడింది. చెంప నల్లగా కమిలిపోయింది. కుడి చెంప కూడా వాచినట్టుంది. నిన్న సరిగ్గా చూడలేదు కాబోలు అనుకున్నారాయన.

"ఇదిగో తల్లీ, నీ ఈల." ఊచల సందులోంచి అందించారు. "ఇప్పుడెవరూ లేరు, నిదానంగా ఆలోచించి చెప్పు. మళ్లీ కనబడితే ఆ దొంగని గుర్తుపట్టగలవా?"

అమ్మాయి ఈలని గుప్పిట్లో బిగించి, వీధి చివరిదాకా ఒకసారి చూసింది.

"ఇప్పుడే తాళం వేసి ఆఫీసుకెళ్లాడు, బాబాయ్."