నందివర్ధనం కోసం వచ్చేవారు

ఇప్పుడు పార్కు గేటే సర్వే చేస్తుంది. "ఎందుకొచ్చారు?" అని అందరినీ అడుగుతుంది. ఆ జవాబులను బట్టి పార్కు తెల్లారేసరికి మారిపోతుంది. అందరూ "వాకింగ్" అనేవారే. ఆ వాక్కు ఫలించి బాట వెడల్పయింది, మొక్కలు తగ్గాయి.

ఈవేళ గేటు, "రేపు నందివర్ధనాన్ని తీసేస్తున్నాం. దానికోసం వచ్చేవారెవరూ లేరు," అంది.

రోజూ పూజకు ఆ పూలే దొంగచాటుగా కోసుకెళ్లే సుభద్రమ్మ గేటు మీద విరుచుకుపడింది.

"లేకపోవడమేమిటి? నేను లేనూ? వాకింగా, నా మొహమా! పూలకే వస్తున్నా. దండకోసం కోశాను, దండన వేసుకో!"

వెనకనున్న పట్టాభిగారు నెమ్మదిగా జేబులోంచి సంచీ తీశారు. "నేనూ అందుకేనమ్మా. మా ఆవిడ పంపిస్తుంది."

ఆ వెనక వరసంతా సంచులే.

మర్నాడు బాట సన్నబడింది, నందివర్ధనం పక్కన మరో రెండు మొక్కలు వెలిశాయి. గేటు మర్యాదగా అడిగింది:

"కొమ్మ అందుతోందా అమ్మా, ఇంకాస్త వంచమంటారా?"