పుర్రెబొమ్మ అట్ట

"ఏటే ఇది?" కోడలు రాజకుమారి పెట్టెలో దొరికిన పుర్రెబొమ్మ అట్టను దూరంగా పట్టుకుని నిలదీసింది చిన్నతల్లి. "మా ఇంటికి సిల్లంగి పెడతన్నావా, సేతబడి సేత్తన్నావా?"

"కాదత్తా, పాటల రికార్డు. హెవీ మెటల్."

"పాటలకి పుర్రెలెందుకే? మీ మావ ముందే ఎయ్యి, తేలిపోద్ది. అబద్ధమైతే సాయంత్రం పాతపట్నం బస్సెక్కి పుట్టింటికి పో."

ప్లేయర్ మీద రికార్డు తిరిగింది. గిటార్లు అరిచాయి, డ్రమ్ములు దడదడలాడాయి.

"దెయ్యాల గోలే! ఇన్నావా?" చిన్నతల్లి మొగుడి వైపు తిరిగింది.

జగన్నాధం కళ్లు మూసుకున్నాడు. ఛాతీకి తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్లలో తన జోడీ అయిన తమ్ముడు పోయాక, మూడేళ్లుగా తప్పెట ముట్టని చేతులవి. ఉత్త ఛాతీ మీద దరువేస్తున్నాయి.

రికార్డు ఆగింది. చేతులూ ఆగాయి.

చిన్నతల్లి అట్టను ఒళ్లో పెట్టుకుంది.

"తిప్పెయ్యే," అంది గొంతు తగ్గించి. "రెండోపక్కా ఉంటాది కదా?"