సోడా సన్యాసి

"వీడికి నిమ్మ సోడా. నాకు మార్టినీ," అన్నాడు గడియారాల మెకానిక్.

దర్జీ ఉలిక్కిపడ్డాడు. "ఒరే, తిరగేసి చెప్పావేంట్రా! పండగ నాది!"

నిజంగానే పండగ. ఆరుసార్లు తప్పిన పరీక్ష, మీసం నెరిశాక ఏడోసారికి గట్టెక్కాడు. ఆ మాట చెవిన పడగానే మెకానిక్ కొట్టు కట్టేసి, "ఖర్చంతా నాదిరా" అంటూ వెంటబెట్టుకొచ్చాడు.

ఈ మెకానిక్ పదిహేనేళ్ళుగా ఇదే బల్ల దగ్గర సోడా తప్ప మరొకటి ముట్టలేదు. సోడా సన్యాసి అని పేరు పెట్టింది దర్జీయే. తను మాత్రం గ్లాసు మీద గ్లాసు లాగించేవాడు. తర్వాత ఏమైందో తెలిసేది కాదు. తెల్లారి కళ్ళు తెరిస్తే తన మంచం మీదే ఉండేవాడు. చెప్పులు మంచం కింద జంటగా ఉండేవి.

మార్టినీ వచ్చింది. సన్యాసి కళ్ళు మూసుకుని గుటక వేశాడు.

"అబ్బ! ఇన్నాళ్ళూ దీన్ని ఒక్కడివే మింగావు కదరా, పాపిష్టివాడా!"

"ఒక్క గుక్క ఇవ్వరా."

"వాసన చూసుకో."

తర్వాత మార్గరీటా. గ్లాసు అంచున ఉప్పు, కాలరుకి పైపింగు కుట్టినంత తీరుగా ఉంది. దర్జీ చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. మెకానిక్ ఆ చేతి మీద టప్పున ఒకటిచ్చాడు.

దర్జీకి ఒళ్ళు మండింది. "నా డబ్బుతోనే తాగుతా. బాబూ, నాకో ఓల్డ్ ఫ్యాషన్డ్!"

"వీడి మాట వినకు," అన్నాడు మెకానిక్ వెయిటర్‌తో. "అది కూడా నాకే."

వెయిటర్ నవ్వాపుకుంటూ వెళ్ళాడు.

"మా ఆవిడ గానీ ఫోన్ చేసిందా? డాక్టరేమన్నా అన్నాడా?"

"ఎవరూ ఏమీ అనలేదు. సోడా తాగు, గ్యాసు పోతుంది."

"పెళ్ళికొడుకుని పస్తు పెట్టి విస్తరంతా నువ్వే ఊడ్చినట్టుందిరా!" దర్జీ సోడా గ్లాసు పక్కకి నెట్టాడు. "నేను గెలిచానని ఏడుపా నీకు?"

మెకానిక్ మూడో గ్లాసు అడుగున మిగిలిన నారింజ తొక్క కూడా నమిలాడు. బిల్లు కట్టాడు. లేవబోయి తూలాడు. బల్ల పట్టుకుని నిలబడి, చంటిపిల్లాడిలా నవ్వాడు.

అప్పుడు జేబులోంచి కారు తాళాలు తీసి, పొద్దుననే డ్రైవింగ్ లైసెన్సు పుచ్చుకున్న దర్జీ చేతిలో పెట్టాడు.