సినిమా వేట

జీపు ఊరి మొదట ఆగేసరికి ఆడవాళ్ళు పేడనీళ్ళ బిందెలతో దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. మన్యంలో ఇటుకల పండగ రోజుల్లో వేటకెళ్ళిన మగవాళ్ళు ఖాళీ చేతులతో తిరిగొస్తే పేడనీళ్ళ స్నానమే. ఆపైన ఏడాదంతా ఎగతాళి.

"మేం వేటకెల్నేదు కదే! అరకు ఎల్లి సినిమా సూసొచ్చాం," అన్నాడు రవిబాబు జీపు దిగకుండానే. పెళ్ళయ్యాక అత్తవారి ఊళ్ళో అతనికిది మొదటి పండగ. మగవాళ్ళందరినీ సినిమాకి బయలుదేరదీసింది కూడా అతనే.

"వేట మానీసి సినిమాకెల్తే మరీ తప్పు," అంది అతని భార్య సరళ, చంకలో బిందె సర్దుకుంటూ. "సరే, అందులోంచి ఏటి తెచ్చావో సెప్పు. బాగున్నది ఒక్కటంటే ఒక్కటి సెప్తే వదిలేత్తాం."

రవిబాబు వెనక్కి చూశాడు. మామ గాసి, మిగతా మగవాళ్ళు కొండల వంక చూస్తున్నారు. చెత్త సినిమాకి తీసుకెళ్ళాడని ఘాట్ రోడ్డు పొడవునా అతన్ని తిట్టిన నోళ్ళన్నీ ఇప్పుడు మూతపడ్డాయి.

"పోయినేడు టీవీలో సూసి మీరంతా ఏడ్సినారే, ఆ నింగి ఓడ సినిమా... ఇది దానికి ముందు కత."

"ఆ ఓడ నడిపినోడు సచ్చిపోయాడు కదా?" అంది ముసలి సోములమ్మ.

"ఇందులో బతికే ఉన్నాడత్తా."

"సచ్చినోడు ఎలాగ బతికినాడు?"

"ఇంకా సావనేదు. ఇది ముందు జరిగింది."

"ముందు జరిగింది ముందు సెప్పాల గానీ, అందరూ సచ్చాక సెప్తాడేటి?"

రవిబాబు బుర్ర గోక్కున్నాడు. హాల్లో అతనికీ అదే అనుమానం వచ్చింది.

"పాటలు?" అంది సరళ.

"నేవు."

"ఫైటింగు?"

"సీకట్లో జరిగింది. ఎవడు ఎవడ్ని కొట్టాడో తెలీనేదు."

"పోనీ, రాచ్చసులు?"

"ఉన్నారు. మీటింగులు పెట్టుకుంటారు."

సరళ బిందె పైకెత్తింది.

"ఆగు! ఒకటుంది," అరిచాడు రవిబాబు. "ఆయమ్మ ఉంది."

బిందె గాల్లోనే ఆగింది. నిద్రపోతున్న బిడ్డను వదిలి ఓడెక్కి, మళ్ళీ తిరిగిరాని తల్లి. మొదటి సినిమాలో ఆడవాళ్ళందరినీ ఏడిపించింది ఆమే.

"ఇందులో ఆయమ్మ ఇంకా ఊళ్ళోనే ఉంటాది. గుంటడ్ని గుడ్డతో ఈపున కట్టుకుని సోడి సేనులో కలుపు తీత్తాది."

"ఆ గెహంలో కూడా మన అంబలి సోళ్ళు పండుతాయేటి?" అంది సోములమ్మ.

"పండుతాయి. గుంటడు జడ అట్టుకుని లాగుతాడు. ఆయమ్మ గట్టు మీద కూకుని నవ్వుతానే ఉంటాది. ఓడెక్కాలని తనకింకా తెలీదు."

సోములమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అదెప్పుడొచ్చిందిరా?" గాసి అయోమయంగా అడిగాడు.

"నువ్వు నిద్దరోయావు మావా," అన్నాడు రవిబాబు, అతని చెయ్యి గట్టిగా నొక్కుతూ.

"నానా? కన్ను మూస్తే ఒట్టు..."

సరళ బిందె కింద పెట్టి పక్కకు తప్పుకుంది. మిగతావాళ్ళూ తప్పుకున్నారు. మాట మారకముందే మగవాళ్ళు జీపు దిగి ఇళ్ళ వైపు పరుగులాంటి నడక అందుకున్నారు.

రవిబాబుకి మాత్రం ఏమీ అంతుపట్టలేదు. ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ నవ్వాపుకుంటున్నారు. అలాగని సోములమ్మ కళ్ళ తడీ అబద్ధంలా లేదు.

"ఏటే ఆ నవ్వులు?" అని సరళని మెల్లగా అడిగాడు.

"నీ వేట బాగుంది బావా," అంది సరళ. "నిన్న సంతయ్యాక మేమందరం ఆ సినిమాకే ఎల్నాం. ఆయమ్మ వత్తాదేమోనని ఆకర్దాకా కూకున్నాం. రానేనేదు."