నాలుగో మూల స్క్రూ

"ఐదింటికల్లా దీన్ని కొట్లో ఇచ్చేసి వస్తా. ఇంక నాకెవరూ ఏమీ చెప్పొద్దు," అంటూ మనవరాలు కొత్త ల్యాప్‌టాప్‌ని అట్టపెట్టెలో కుక్కసాగింది.

కొని ఇవాళ్టికి పది రోజులు. ఇవాళ దాటితే వాళ్లు వెనక్కి తీసుకోరు. పొద్దున మీట నొక్కితే దీపమైతే వెలిగింది గానీ, తెర మాత్రం అలిగిన అత్తగారి మొహంలా నల్లగా ఉండిపోయింది.

"నీ మాట విన్నందుకు నాకు బాగా అయింది అమ్మమ్మా. విప్పుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు, భాగాలు మార్చుకోవచ్చు అని పావువంతు ఎక్కువ పోయించావు. ఇంకా తక్కువలో అట్టముక్కంత సన్నది వచ్చేది."

"వచ్చేది. పాడైతే అట్టముక్కలాగే పారేసేదానివి," అంది అమ్మమ్మ బఠాణీలు ఒలుస్తూ.

"ఇది పాడవకుండా ఏం ఊడబొడిచింది? ఇంటి ప్లాన్లు గీసి బతకాలి నేను."

"పాడవనిదేముందే? నా మోకాళ్లు పాడవలేదూ? మీ తాతయ్యని ఒక్కసారి చూడమను."

కిటికీ పక్క కుర్చీలో తాతయ్య పేపరు దించలేదు. నలభై ఎనిమిదేళ్లు ఊళ్లోవాళ్ల రేడియోలూ ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసిన మనిషి. వస్తువులన్నీ జిగురుతో అతికించి అమ్మడం మొదలయ్యాక కొట్టు మూసేసి, ఆ కుర్చీలో పడ్డాడు. రెండేళ్లుగా స్క్రూడ్రైవర్ ముట్టలేదు. మాట కూడా, పది అడిగితే ఒకటి.

"అవన్నీ నాకేం తెలుసు. నా కాలం అయిపోయింది," అన్నాడు.

"స్క్రూ ఎటు తిప్పితే ఊడుతుందో కాలాన్ని బట్టి మారుతుందా?" అంది అమ్మమ్మ.

"విప్పితే వాళ్లు తీసుకోరేమో, వద్దు," అంది మనవరాలు.

"విప్పుకోమనేగా పెట్టెలో స్క్రూడ్రైవర్ కూడా పెట్టిచ్చారు? కొట్లో ఆయన మన ముందే అడుగు విప్పి, ర్యామ్ కార్డు తీసి, మళ్లీ పెట్టి చూపించాడా లేదా? అరగంట నిలబడి చూశా, కాళ్లు పీకాయి."

మనవరాలు గడియారం చూసింది. మూడు. "సరే, అరగంట. అంతే."

తాతయ్య తప్పదన్నట్టు లేచాడు. బల్ల మీద తువ్వాలు పరిచాడు. పేపరు మీద పెన్సిల్‌తో నలుచదరంగా గీసి, ఏ మూల స్క్రూ ఆ మూలనే పేర్చసాగాడు. నాలుగో మూల దగ్గర కాస్త ఆగాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని చూసి, మళ్లీ తిప్పాడు.

చేతులు కదిలేసరికి నోరూ కదిలింది.

"మీ అమ్మమ్మ పుట్టింట్లో ఒక రేడియో ఉండేది అమ్మడూ. అంత మొండిదాన్ని నేనింకోదాన్ని చూడలేదు. వారం తిరక్కుండా మూగబోయేది. విప్పితే లోపల ఒక్క తీగ ఊడి ఉండేది, అంతే. పన్నెండుసార్లు తిరిగాను."

"పదమూడు," అంది అమ్మమ్మ.

"పదమూడోసారి మీ ముత్తాత కూలి ఇచ్చుకోలేక పిల్లనిచ్చేశాడు."

మనవరాలికి నవ్వాగలేదు. "పెళ్లయ్యాక ఆ రేడియో?"

"ఇరవయ్యేళ్లు పాడింది. మళ్లీ ఒక్కసారి మూగబోతే ఒట్టు. ఇదిగో, దీని జబ్బు ఇక్కడుంది. ర్యామ్ కార్డు గాడిలోంచి లేచింది."

బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది. మీట నొక్కగానే తెర తెల్లవారినట్టు వెలిగింది.

"కొత్తది కదా తాతయ్యా, ఎలా లేచింది?"

"కుదుపులకి," అంది అమ్మమ్మ చప్పున.

"పక్కన ఇంకో గాడి ఖాళీగా ఉంది చూశావా?" తాతయ్య గొంతులో కొట్టు రోజుల హుషారు. "వచ్చే ఏడు ఇంకో కార్డు తెచ్చుకో, నేనే వేస్తా. ఈ ఫ్యాన్ కూడా రెండు స్క్రూలు తీస్తే వచ్చేస్తుంది. బుర్ర ఉన్నవాడెవడో చేశాడు. నువ్వు పోసిన డబ్బు ఎక్కడికీ పోలేదులే."

"ఇంక కొట్టుకెళ్లను," అని మనవరాలు అట్టపెట్టెని మంచం కిందకి తోసేసింది.

తాతయ్య ల్యాప్‌టాప్ ఆపి, బోర్లించి, స్క్రూలు ఒక్కొక్కటే తిరిగి బిగించాడు. చివరిది బిగిస్తూ, తల ఎత్తకుండానే అమ్మమ్మతో అన్నాడు.

"ఈసారి విప్పినప్పుడు ఈ నాలుగో మూల స్క్రూ కాస్త తిన్నగా బిగించు. ఆ రేడియోకీ పదమూడుసార్లూ ఈ మూలే వంకరగా బిగించావు."