మెకానిక్ సీటు

శనివారం రాత్రి పదకొండున్నరకు, ఇండియానాలోని ఒక మ్యూజియంలో, 1912 నాటి రేసు కారు గాలి గేజిలో ముల్లు పైకి లేచింది.

ఆ రోజుల్లో డ్రైవరు పక్కన మెకానిక్ కూర్చుని చేతిపంపుతో ట్యాంకులోకి గాలి కొడితేనే ఇంజనుకు పెట్రోలు అందేది. ఈ కారు మెకానిక్, కాపలా చూసే వెర్నాకు తాత. కారు ముందున్న ఫలకం మీద డ్రైవరు పేరొక్కటే ఉంది. తాత పేరు చేర్చాలా వద్దా అన్నది ఉదయం కమిటీ తేలుస్తుంది.

వెర్నా పిలిస్తే మరమ్మతులు చూసే ఆర్విల్ వచ్చాడు.

"పంపు కొట్టావా ఏంటమ్మాయ్?"

"కారు చుట్టూ కట్టిన తాడు దాటితే నువ్వే నా ఉద్యోగం ఊడగొడతావుగా పెద్దాయనా!"

"కొట్టినా గాలి ఎక్కదులే. పంపు లోపలి తోలు వాషరు ఎప్పుడో ఎండిపోయింది."

ఖాళీ సీటు దగ్గర పంపు చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. ఆర్విల్ టోపీ తీశాడు.

"రేసంతా మా తాత ముల్లు దిగనివ్వలేదు," అంది వెర్నా.

ఉదయం కమిటీ అధ్యక్షురాలు గేజిలో ఇంకా పైనే ఉన్న ముల్లును చూసింది. మెకానిక్ ఇంటిపేరు ఎలా రాస్తారని వెర్నాను అడిగింది.