రెండో సీజన్ ఎందుకు పాడైంది?

"ఆ గిన్నెల చప్పుడు కాస్త ఆపుతావా? ఇప్పుడే ఆ సీను!"

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది. కళ్ళద్దాల షాపాయన సోఫా అంచుకి జరిగాడు. ఆ సీను ఎన్నోసారి చూస్తున్నాడో ఆయనకే తెలీదు. సీరియల్లో డాక్టరమ్మ ఇంటి తాళాలు బల్ల మీద పెట్టి, మొగుడి కళ్ళలోకి చూసి అంటుంది: "నేను అరవను. ఏడవను. చెప్పేది మాత్రం చివరిదాకా వినండి." వెనక సంగీతం కూడా ఉండదు. ఆ గొంతు ఒక్కటే.

"ఆహా! ఇదీ మూడో సీజనంటే!" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

భార్య టీ కప్పు తెచ్చి పక్కన పెట్టింది. "ఏవండీ... ఉద్యోగం సంగతి..." అని గొణిగింది.

"ఏంటా నసుగుడు? మాట్లాడితే అలా మాట్లాడాలి, చూడు." టీవీ వైపు చెయ్యి చూపించాడు. "ఉద్యోగం సంగతి నిన్ననే చెప్పాను. అమ్మ మనింటికి వచ్చేస్తోంది. ఇంట్లో మనిషుండాలి. మానేసెయ్."

"ఈసారి మానాలంటే..."

"నా కాలు విరిగినప్పుడూ మానేశావుగా. ఏం కొంప మునిగింది?"

సౌండు పెంచాడు. ఆమె ఏదో ఆఫీసులో చదివే పని చేస్తుందని మాత్రం ఆయనకి తెలుసు. ప్రూఫులు దిద్దడం కాబోలు. అంతకన్నా అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయిన సంగతి కూడా ప్రకటనలు వచ్చాకే గమనించాడు.

షాపులోనూ ఆయనది ఇదే వరస. కళ్ళ పరీక్షకి వచ్చినవాళ్ళని మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, కదలొద్దని చెప్పి సీరియల్ మొదలుపెట్టేవాడు. కదలకూడదు కాబట్టి వాళ్ళూ వినేవారు.

"మొదటి సీజన్ వజ్రమండీ. బస్టాపులో, వానలో, వాళ్ళ నాన్నకి ఫోన్లో క్షమాపణ చెబుతుంది చూశారూ! అవతల లైను ఎప్పుడో కట్టయిపోయింది, పాపం ఆమెకి తెలీదు. రాయైనా కరగాల్సిందే. ఇక రెండోది... నీళ్ళు కలిపిన పాలు. కథ బాగానే ఉంది, ఆ మొహమూ అదే. ప్రాణం లేదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఆఁ, ఇప్పుడు కింద వరస చదవండి."

ఆ రోజు షాపు తెరిచిన కాసేపటికే ఫోన్ మోగింది. సీరియల్ తీసేవాళ్ళు! రెండో సీజన్‌ని ఉతికి ఆరేస్తూ ఆయన పంపిన వాయిస్ మెసేజ్ వాళ్ళకి నచ్చిందట. కొందరు అభిమానులకి స్టూడియో చూపిస్తున్నాం, మధ్యాహ్నం రాగలరా అన్నారు. ఆయన షట్టరు దించి పరుగో పరుగు.

స్టూడియో అంటే పెద్ద సెట్లు ఉంటాయనుకున్నాడు. తీరా చూస్తే చిన్న గది. గోడలకి మెత్తటి గుడ్డ. అద్దానికి అవతల తెర వేసి ఉంది. పక్కన మూసిన తలుపు, దాని మీద ఎర్ర లైటు. ఆయనతో పాటు ఒక రిటైరైన టీచరమ్మ, ఇద్దరు నర్సులు వచ్చారు. మెడలో హెడ్‌ఫోన్లు వేలాడేసుకున్న సౌండాయన అందరికీ కుర్చీలు వేశాడు.

"డాక్టరమ్మ ఎప్పుడొస్తారు?" ఆత్రంగా అడిగాడు షాపాయన.

"ఆవిడ ఇక్కడికెందుకొస్తారండీ? ఆవిడకి మన భాష ఒక్క ముక్క రాదు."

షాపాయన నోరు తెరుచుకునే ఉండిపోయింది. "మరి ఆ గొంతు?"

"వేరే ఆవిడది. లోపలే ఉన్నారు, నాలుగో సీజన్‌కి డబ్బింగ్ చెబుతున్నారు."

ఇన్నేళ్ళూ తను ఏడ్చింది ఆ మొహానికి కాదన్నమాట! ఆయన కుర్చీలో కూలబడ్డాడు. టీచరమ్మ మంచినీళ్ళ సీసా అందించింది. రెండు గుక్కలు తాగాక బుర్ర వెలిగింది.

"అయితే రెండో సీజన్..."

"మీ చెవి గట్టిదండీ! అందుకే మిమ్మల్ని పిలిచాం. ఆ సీజన్‌కి ఆవిడ లేరు. వేరే అమ్మాయితో కానిచ్చాం."

"ఎందుకు లేరు?"

"వాళ్ళాయన మాన్పించాడట."

షాపాయన లేచి నిలబడ్డాడు. "ఎవడండీ వాడు? గాడిదకేం తెలుసు గంధపు వాసన! అలాంటి గొంతు ఇంట్లో పెట్టుకుని నోరు నొక్కేస్తాడా?"

"ఆ మనిషికి చెవులున్నాయో లేవో" అంది టీచరమ్మ.

"ఇక్కడ ఆవిడుంటే గదంతా సందడేనండీ" అన్నాడు సౌండాయన. "గలగలా మాట్లాడతారు, అందర్నీ నవ్విస్తారు. ఇంటి మాటెత్తితే మాత్రం మౌనం. మళ్ళీ ఎప్పుడు మాన్పిస్తాడోనని మాకు గుండెల్లో రాయి."

"నేను మాట్లాడతాను వాడితో!" షాపాయన గొంతు చించుకున్నాడు. "అడ్రసివ్వండి. పెట్టాల్సిన గడ్డి పెట్టి, మళ్ళీ ఆ మాట ఎత్తకుండా చేస్తాను."

"నిజంగానా?"

"ఒట్టు!"

నర్సులు చప్పట్లు కొట్టారు. సౌండాయన వేలు పెదవులకి ఆనించి, స్పీకరు మీట పైకి జరిపాడు. గది నిండా ఆ గొంతు పరుచుకుంది. కూతురిని మొదటిసారి బడికి పంపుతున్న తల్లి మాటలు. నవ్వులోంచి ఏడుపు, ఏడుపులోంచి మళ్ళీ నవ్వు. షాపాయన కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి.

మాటలు ఆగాయి. ఎర్ర లైటు ఆరింది.

"వస్తున్నారు" అన్నాడు సౌండాయన.

షాపాయన జుట్టు సవరించుకుని, చేతులు జోడించి, తలుపు ముందు నిలబడ్డాడు.

తలుపు తీసుకుని ఆయన భార్య బయటికొచ్చింది.